ప్రస్తుత పద్ధతిలోని ఎనిమిది లోపాలు

మాకు సిస్టమ్స్ అనాలిసిస్ అండ్ డిజైన్ చెప్పిన సార్ జీవితంలో ఒక్క సిస్టమ్‌ను కూడా డిజైన్ చేయలేదు. ఈ సంగతి ఆయనే మొదటి రోజు గర్వంగా చెప్పుకున్నాడు. "నాది ప్యూర్ థియరీ" అన్నాడు. మేం అరవై మందిమీ ఆ మాటను కూడా నోట్సులో రాసుకున్నాం. పరీక్షలో అడిగితే ఏం చేస్తాం మరి.

నగరంలో అద్దాల బిల్డింగులు లేస్తున్న రోజులవి. వాటిలో కూర్చోవడానికి మనుషులు కావాలి. ఆ మనుషుల్ని తయారు చేయడానికి మొయినాబాద్ చుట్టూ కాలేజీలు లేచాయి. నిన్నటిదాకా క్యారెట్ పండిన చెలకలో ఇవాళ ఎం.సి.ఎ. పండుతోంది. చేవెళ్ల బస్టాండులో ఎవరిని కదిలించినా "మా పిల్ల కంప్యూటర్ చేస్తున్నది" అనేవాళ్లు, ఇంట్లో కుట్టుమిషను మీద ఏదో కుడుతున్నట్టు. మా బాపు కూడా అట్లాగే అనేవాడు. బీఎస్సీ అయ్యాక టీచర్ ట్రైనింగ్‌కు పోతానంటే, "పంతులమ్మ అయి ఏం జేస్తవ్, లోకమంత కంప్యూటర్ దిక్కు ఉరుకుతుంటే" అని నన్నూ ఆ ఉరుకులో కలిపేశాడు.

రోజూ పొద్దున్నే చేవెళ్లలో బస్సెక్కి, నిలబడి మొయినాబాద్ దాకా పోయేదాన్ని. కాలేజీ ల్యాబులో కంప్యూటర్లకు ఏసీ ఉండేది. మేం మాత్రం చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలి. మా చర్చిలోకీ చెప్పులు విడిచే పోతాం కాబట్టి నాకు అది కొత్త కాలేదు. అక్కడిలాగే ఇక్కడా మౌనంగా కూర్చుని, కరెంటు రావాలని ప్రార్థించేవాళ్లం.

సబ్జెక్టు మాత్రం మంచిది. ఇప్పటికీ ఆ మాట అంటాను. ఏ పనికైనా కొత్త పద్ధతి పెట్టే ముందు, ఇప్పుడు ఆ పనిని ఎవరు, ఎట్లా చేస్తున్నారో అడిగి తెలుసుకోవాలని పుస్తకంలో మొదటి పాఠమే చెప్పింది. ఆ తెలుసుకోవడానికి నాలుగు దారులు: మనిషిని కూర్చోబెట్టి అడగడం, ప్రశ్నల కాగితం ఇచ్చి నింపమనడం, పక్కన నిలబడి చూడడం, పాత కాగితాలు తిరగేయడం. నాలుగూ మాకు కంఠతా వచ్చు. ఒక్కటీ చేసిన పాపాన పోలేదు.

సార్ కూడా మమ్మల్ని చేయనివ్వలేదు లెండి. సమాచారం ఎటు నుంచి ఎటు పోతుందో బొమ్మ గీయాలి కదా, ఆ బొమ్మలో పని జరిగే చోటు గుండ్రంగా ఉండాలా, మూలలు వంగిన డబ్బాలా ఉండాలా అన్నదాని మీద మూడు వారాలు పోయాయి. అదే సమయంలో మా కాలేజీ ఆఫీసులో ఒక బోనఫైడ్ సర్టిఫికెట్ కావాలంటే ఐదుగురి సంతకాలు, అందులో ఇద్దరు ఎప్పుడూ లీవు, మూడో ఆయన మొదటి సంతకం లేనిదే పెట్టడు, మొదటి ఆయన మూడో సంతకం చూపించమంటాడు. ఆ బొమ్మ గీద్దాం సార్ అని ఎవరో అంటే, "అది సిలబస్‌లో లేదు" అన్నాడు.

చివరి సెమిస్టరులో ప్రాజెక్టు చేయాలి. చాలామంది అమీర్‌పేట పోయి తయారుగా ఉన్న ప్రాజెక్టు తెచ్చుకునేవాళ్లు, లైబ్రరీదో హాస్పిటల్‌దో. నిజంగా ఒక చోటికి పోయి చేస్తే దాన్ని లైవ్ ప్రాజెక్టు అనేవాళ్లు, దానికి మార్కులు ఎక్కువ. నాకు ఫస్ట్ డివిజన్ మీద ఆశ ఉంది. అందుకని నాకూ, నాతో కలిసి చేసే నా స్నేహితురాలికీ ఒక చోటు వెతికాను. ఆమె చేవెళ్ల బజారులో కిరాణా దుకాణం వాళ్ల అమ్మాయి. నేను వెతికిన చోటు మా పెద్దమ్మ పని చేసే దవాఖాన.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. భర్త పోయాక, పిల్లలు లేక, చేవెళ్ల దగ్గరి ఒక చిన్న మిషన్ దవాఖానలో చేరింది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే రోగులకు కిటికీలో కూర్చుని కార్డు తీసి ఇవ్వడం ఆమె పని. ఆ కుర్చీతో పాటు కాంపౌండు గోడ వెనక ఆమెకు ఒక గది కూడా ఇచ్చారు. కుర్చీ ఉన్నంత కాలం గది ఉంటుంది. ఊళ్లలో అందరూ ఆమెను కార్డులమ్మ అనేవాళ్లు. తెలుగు ఐదో తరగతి చదివింది. ఇంగ్లీషు కాగితం ఏదొచ్చినా, బ్యాంకుదైనా బీమాదైనా, చీర మడతల్లో దాచిపెట్టి నేను వచ్చేదాకా ఆగేది. "మా బిడ్డ చదివి చెప్తది" అనేది. నేను చదివి చెప్పేదాకా ఆ కాగితానికి అర్థమే లేనట్టు చూసేది.

ఆమె వెనక గోడ నిండా చెక్క బీరువా, ఊరికో అర. చందనవెల్లి అర, మోకిల అర, ఇట్లా. రోగి ఎవరూ కార్డు నంబరు చెప్పరు. "అమ్మా, నేను కుమ్మరోళ్ల చిన్న కోడలును" అంటారు. పెద్దమ్మ వెనక్కు తిరిగి కూడా చూడదు. చెయ్యి వెనక్కు పోతుంది, వేళ్లు అరలో నడుస్తాయి, కార్డు వస్తుంది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను కాబట్టి నాకు అందులో వింతేమీ కనిపించలేదు. నంబరు ప్రకారం లేదు, పేరు ప్రకారం లేదు, అంటే ఎట్లా పడితే అట్లా పెట్టి గుర్తుపెట్టుకుంటోంది అనుకున్నాను.

ఇక అడగడం. దానికి ఇరవై ప్రశ్నల కాగితాలు జిరాక్స్ తీయించి, మొయినాబాద్‌లో కాలేజీ క్యాంటీన్‌లో మిర్చి బజ్జీ తింటూ నేనూ స్నేహితురాలూ నింపేశాం. అందరూ అట్లాగే చేసేవాళ్లు. దీనికో పనితనం ఉంది: నాలుగు రంగుల పెన్నులు ఉండాలి, ముసలివాళ్ల జవాబులు ఎడమ చేత్తో రాయాలి, ఒకరిద్దరు అసలు జవాబే రాయనట్టు ఖాళీ వదలాలి, అప్పుడే నిజంగా ఉంటుంది. కాగితం మీద కొంచెం నూనె పడితే ఇంకా మంచిది. ఆఖరి కాగితం పెద్దమ్మది. ఈ కాగితాలన్నీ ప్రాజెక్టు పుస్తకం చివర కలిపి కుట్టించాలి.

"మీ పెద్దమ్మనన్న నిజంగ అడుగరాదే" అంది స్నేహితురాలు.

"మా పెద్దమ్మ నాకెరుక లేదా, అడిగేదేమున్నది" అన్నాను. 'ఇప్పుడున్న పద్ధతితో మీరు సంతృప్తిగా ఉన్నారా' అన్న ప్రశ్నకు పెద్దమ్మ తరఫున ఆకుపచ్చ పెన్నుతో 'లేదు' అని రాశాను.

ప్రాజెక్టు పుస్తకాన్ని రికార్డు అంటారు. అందులో మూడో అధ్యాయం పేరు ఎప్పుడూ ఒకటే: ఎగ్జిస్టింగ్ సిస్టమ్, అంటే ఇప్పుడున్న పద్ధతి, దాని లోపాలు. సీనియర్ల రికార్డులు తెరిచి చూస్తే లైబ్రరీ అయినా, జీతాల లెక్కయినా, కోళ్ల ఫారమైనా లోపాలు ఎనిమిదే, అవే ఎనిమిది. మొదటి సీనియర్‌కు ఎనిమిది ఎక్కడి నుంచి వచ్చాయో ఆ దేవుడికే తెలియాలి. నేనూ అవే దించాను, దవాఖాన అన్న మాట మాత్రం ఇరికించాను. మూడో లోపం: కార్డులు ఏ వరుసలోనూ లేవు. నాలుగో లోపం: వెతకడం ఒకే మనిషి జ్ఞాపకం మీద ఆధారపడి ఉంది, తప్పులకు తావు ఎక్కువ. ఏడో లోపం: అనవసరమైన సిబ్బంది. కోళ్ల ఫారం రికార్డులోనూ ఏడోది అదే కాబట్టి నా చెయ్యి ఆగలేదు.

రికార్డు బంగారు అక్షరాలతో బైండింగ్ అయి వచ్చిన రోజు ఒక కాపీ పెద్దమ్మకు ఇవ్వడానికి తీసుకుపోయాను. ఆమె చేతులు కడుక్కుని వచ్చి, కొంగుతో తుడుచుకుని, దాన్ని ఒళ్లో పెట్టుకుంది.

"నా గురించి రాసినవట గదా. ఏడ రాసినవో గది చదువు బిడ్డా."

మూడో అధ్యాయం తెరిచాను. ఏడో లోపమే ముందు కంటికి తగిలింది. పేజీ మీద వేలు పెట్టి, అక్కడ లేనిదంతా చదివాను. ఈ దవాఖానలో ఒక అమ్మ ఎన్నో ఏండ్ల నుంచి పని చేస్తోందని, ఎవరొచ్చినా కార్డు దొరకలేదని తిప్పి పంపలేదని, ఆమె లాంటి మనిషి ఏ పెద్ద హాస్పిటల్లోనూ లేదని. పెద్దమ్మ పేజీలో నా వేలు వెంట చూపు నడిపింది.

"గింత ముచ్చటకు ఇంగ్లీషుల గంత జాగ పడ్తదా?" అంది. తర్వాత ఆదివారం చర్చిలో ఆడవాళ్లందరికీ చెప్పింది, మా బిడ్డ నా మీద పుస్తకం రాసిందని. నేను వెనక వరుసలో తల వంచుకుని పాటల పుస్తకం తిరగేస్తూ కూర్చున్నాను.

ఇక్కడ ఒక ప్రమాదం జరిగింది. ఆ రికార్డును ఒక మనిషి నిజంగా చదివింది. మా కాలేజీ చరిత్రలో అట్లాంటిది అంతకు ముందు జరిగి ఉండదు. దవాఖాన డాక్టరమ్మకు ఒక కాపీ ఇచ్చాం, అమలు చేసినట్టు ఆమె సంతకం కావాలి కాబట్టి. ఆమెది కోస్తా వైపు. ప్రతి కాగితం చివరిదాకా చదివే రకం. చదివి మమ్మల్ని పిలిచింది.

"కార్డులకు వరుసే లేదని రాశావు. నిజంగానేనా?"

"అవును డాక్టరమ్మా."

"మరి వరుసలో పెట్టండి. కంప్యూటర్ ఒకటి ఎవరో విరాళం ఇచ్చారు, మూల పడి ఉంది. ఊరికే సంతకం పెట్టను, చేసి చూపించండి."

వారం రోజులు డాక్టరమ్మ గదిలో కూర్చుని, రిజిస్టరులోని నంబర్లూ పేర్లూ కంప్యూటర్‌కు ఎక్కించాం. ఆదివారం ప్రార్థన అయ్యాక పెద్దమ్మ ఒక పెళ్లికి పోయింది. నేనూ స్నేహితురాలూ బీరువా ముందు కూర్చున్నాం. అరల్లోంచి కార్డులన్నీ కిందికి దింపి, నంబరు ప్రకారం పేర్చడం మొదలుపెట్టాం. మధ్యలో స్నేహితురాలు ఆగింది.

"ఇట్ల చూడవే. అత్త కార్డు, కోడలు కార్డు, పిల్లగాని కార్డు, మూడు ఒక్కకాడనే ఉన్నయి. ఏదో వరుస ఉన్నట్టుంది. మా దుకాణంల డబ్బాలు గూడ చూసేటోళ్లకు చిందరవందరనే, మా బాపు చెయ్యికి ఎరుక."

"నంబరు లేని వరుస వరుసెట్ల అయితదే? కానీ, బస్సు టైమైతున్నది."

సాయంత్రానికి కార్డులన్నీ ఒకటో నంబరు నుంచి బారుగా నిలబడ్డాయి. చూడముచ్చటగా ఉన్నాయి. పెద్దమ్మకు చెప్పాలన్న ఆలోచన రాలేదా అంటే వచ్చింది. కానీ మా రికార్డులో గీసిన పట్టిక ప్రకారం సిబ్బందికి శిక్షణ అమలు తర్వాత వారం. పట్టిక దాటడం ఎందుకని ఊరుకున్నాను.

సోమవారం పొద్దున కిటికీ ముందు జనం. మోకిల నుంచి వచ్చిన ఒక ముసలమ్మ తన ఇంటి గుర్తు చెప్పింది. పెద్దమ్మ చెయ్యి ఎప్పటిలాగే వెనక్కు పోయింది. వేళ్లు నడిచాయి. కార్డు తీసి చూసి, వెనక్కు పెట్టి, ఇంకోటి తీసింది. అదీ కాదు. కుర్చీలోంచి లేచింది. నేను ఆమెను ఆ కిటికీలో నిలబడగా చూడటం అదే మొదలు. నేను కంప్యూటర్ ముందు కూర్చుని, "నంబరు చెప్పుర్రి, నంబరు చెప్పుర్రి" అంటున్నాను. ఎవరి దగ్గరా నంబరు లేదు. పేరు కొడితే తెర నిండా ఎల్లమ్మలే. "కార్డులమ్మకు ఏమైంది ఇయ్యాల" అని ఎవరో అన్నారు. పెద్దమ్మ తప్పు కార్డు మీద తప్పు కార్డు తీయడం నాకు కనిపించింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న డాక్టరమ్మకూ కనిపించింది. కార్డులు జరిపినట్టు పెద్దమ్మకు ఎవరూ చెప్పలేదని నాకు తెలుసు, డాక్టరమ్మకు తెలియదు.

"నువ్వు రాసింది నిజమే. అంతా ఆవిడ జ్ఞాపకం మీదే నడుస్తోంది. వయసైపోయిందిగా" అని నాతో అంది.

సంతకం పెట్టింది. ఆ వారంలోనే వైవా. పరీక్షకు బయటి నుంచి వచ్చిన సార్ భోజనం చేసి వచ్చి, రికార్డును చేత్తో తూచినట్టు పట్టుకుని ఒక్కటే అడిగాడు: "వాట్ వాజ్ ద బాటిల్‌నెక్?" ఎక్కడ పని ఆగిపోతోంది అని. "ఒకే మనిషి చేత్తో వెతకడం సార్" అన్నాను. "వెరీ గుడ్" అన్నాడు. క్లాసులో నాదే పెద్ద మార్కు. బాపు చేవెళ్ల బస్టాండులో స్వీట్లు పంచాడు. పెద్దమ్మ రెండు తిని, మూడోది చర్చి పక్కింటి ముసలమ్మ కోసం కాగితంలో చుట్టుకుపోయింది.

నాలుగు రోజులకు అమ్మ ఏడుస్తూ చెప్పింది. ఒకటో తారీఖు నుంచి పెద్దమ్మను మానుకోమన్నారు. కంప్యూటర్ వచ్చిన అమ్మాయి ఎవరో వస్తోందట. గది కూడా ఖాళీ చేయాలి. "ఈ వయసుల అక్క యాడికి వోతది?" అంది అమ్మ. 

డాక్టరమ్మ దగ్గరికి ఉరికాను. పెద్దమ్మది తప్పు కాదని, పని బాగా చేస్తుందని, కార్డులకు ఏదో వరుస ఉండే ఉంటుందని చెప్పాను. ఆమె సొరుగులోంచి నా రికార్డు తీసి మూడో అధ్యాయం తెరిచింది. చదువుతూ ఆమె గీసిన గీతలు అందులో ఉన్నాయి.

"ఇది నువ్వు రాసిందేగా? చివర్లో ఆవిడ జవాబుల కాగితం కూడా ఉంది. తనే సంతృప్తిగా లేనని చెప్పింది. ఇప్పుడు నువ్వు చెప్పేది నమ్మనా, రాసింది నమ్మనా?"

డాక్టరమ్మ రికార్డు మూసి మళ్లీ సొరుగులో పెట్టింది.

"వరుస ఉందంటున్నావు కదా. అదేమిటో ఒకటో తారీఖులోపు కాగితం మీద పెట్టి చూపించు. అప్పుడు ఆలోచిస్తాను."

ఏ వరుసో నాకెక్కడ తెలుసు. పెద్దమ్మ గదికి పోయాను. గిన్నెలు అప్పటికే గోనెసంచిలో కట్టి ఉన్నాయి. నోట్‌బుక్ తీసి, ఫస్ట్ డివిజన్ వచ్చిన తర్వాత, నా జీవితంలో మొదటి ఇంటర్వ్యూ మొదలుపెట్టాను.

"పెద్దమ్మా, కార్డులు ఎట్ల పెడుతుంటివి?"

"ఎట్లేంది, ఇండ్లు ఎట్లుంటే అట్లనే. చందనవెల్లి అంటే బస్సు దిగంగనే ముందుగాల వడ్లోళ్ల ఇల్లు, దాని పక్కకు పోస్టుమ్యానుది. గల్లీ మర్లంగనే కుమ్మరోళ్లయి రెండిండ్లు. ఆ చిన్న కోడలు అత్తతోని మాట్లాడది, అయినా గాని ఇద్దరి కార్డులు పక్కపక్కకే ఉంటయి."

కళ్లు మూసుకుంది. చెయ్యి గాలిలో అర మీద నడుస్తున్నట్టు కదిలింది. బోరింగు దగ్గరి ఇల్లు, స్కూలు ఎనక ఇల్లు, సూది మందు పడని ముసలాయన ఇల్లు. ఊరు తర్వాత ఊరు, కాలినడకన పోతున్నట్టు చెప్పుకుంటూ పోయింది. బైబిల్ చదివి వినిపించే బైబిల్ అమ్మగా మా అమ్మమ్మ ఆ ఊళ్లన్నీ ఇల్లిల్లూ తిరుగుతుంటే, చిన్నప్పుడు పెద్దమ్మ ఆమె చెయ్యి పట్టుకుని తిరిగిందట. పెన్ను ఆపకుండా రాశాను.

"గట్ల పెడ్తే ఇంకోటి ఎరుకైతది బిడ్డా. ఒక్క గల్లీలకెళ్లి వరుసవెట్టి కార్డులు తీసిన్నంటే, ఆడ నీళ్లు చెడిపోయినట్టే. డాక్టరమ్మకు చెప్తుంటి, ఆ బోరింగు జర చూపియ్యుర్రి అని."

నోట్‌బుక్‌లో పద్నాలుగు పేజీలు నిండాయి. పెద్దమ్మ కళ్లు తెరిచి, నా పేజీల వైపు చూసింది.

"ఇయ్యాల గింత అడుగుతున్నవ్. మరి గా పుస్తకంల ఏం రాసినవ్?"

రికార్డు గూట్లో, బైబిల్ పక్కన ఉంది. తెచ్చి మూడో అధ్యాయం తెరిచాను. ఈసారి ఉన్నది ఉన్నట్టు తెలుగులో చదివాను, ఎనిమిదీ. ఏడోది కూడా వదల్లేదు. ఆకుపచ్చ పెన్నుతో నేనే రాసిన ఆమె జవాబు కూడా చదివాను. ఆమె కోప్పడితే బాగుండేది. గోనెసంచి దగ్గరకు లాక్కుని మూతికి ఇంకో ముడి వేసింది.

"వరుస లేదని నీకెవలు చెప్పిన్రు?"

"ఎవ్వలు చెప్పలే. నేనే రాసిన."

"అడిగితే చెప్పకపోదునా బిడ్డా."

పొద్దున్నే ఆ పేజీలు డాక్టరమ్మకు ఇచ్చాను. నిలబడే మొత్తం చదివింది. బోరింగు సంగతి వచ్చిన చోట ఆగింది. "ఎన్నిసార్లో చెప్పింది. ఊరికే ఊహించి అంటోందనుకున్నాను" అంది. తర్వాత నా వైపు చూసి, "ఇదంతా ఆ రికార్డులో ఎందుకు లేదు?" అని అడిగింది. దానికి ఏ సీనియర్ రికార్డులోనూ జవాబు లేదు. పెద్దమ్మ కుర్చీ నిలిచింది, గది నిలిచింది. కంప్యూటర్‌ను మందుల గదికి పంపారు. మూడు ఆదివారాలు పెద్దమ్మ కుర్చీలో కూర్చుని ఇండ్లు చెబుతుంటే, నేనూ స్నేహితురాలూ కార్డులు మళ్లీ ఆ వరుసలో పెట్టాం.

నా రికార్డు కాలేజీ లైబ్రరీలో బంగారు అక్షరాలతో అట్లాగే ఉండిపోయింది. మరుసటి ఏడు జూనియర్లు దాంట్లోంచి ఎనిమిది లోపాలూ దించుకున్నారని విన్నాను, ఒకరు పెట్రోలు బంకుకు, ఒకరు గొర్రెల సొసైటీకి. నాకు ఉద్యోగం వచ్చింది, అద్దాల బిల్డింగులో కూర్చున్నాను. చందనవెల్లిలో ఇప్పుడు ప్రపంచం కార్డులన్నీ దాచిపెట్టే డేటా సెంటర్లు వచ్చాయి. వాటి గోడల వెంట పోతుంటే, పోస్టుమ్యాను ఇల్లు ఎక్కడుండేదా అని వెతుక్కుంటాను.

పెద్దమ్మ ఆ కుర్చీలో ఇంకా ఆరేళ్లు కూర్చుంది. నేను పోతే అన్నం పెట్టేది, తల దువ్వేది, ఎప్పటిలాగే బిడ్డా అనేది. ఒకసారి పోయినప్పుడు బ్యాంకు కవరు ఒకటి మంచం మీద చింపి ఉంది. ఇంగ్లీషు కాగితం. నేను చెయ్యి చాపాను. "గది పోస్టుమ్యాను చదివి చెప్పిండు బిడ్డా" అని తీసి చీర మడతల్లో పెట్టుకుంది. ఆ తర్వాత ఆమె నన్ను ఏ కాగితమూ చదవమని అడగలేదు.